గులాబీ గోడ జోలికి రావద్దు

పడకగదిలో గోడకు ఆనుకోకండి, రంగు ఇంకా ఆరలేదు. కిటికీలు తీసే ఉంచండి. పెయింటు వాసనకి మీకు దగ్గు వస్తుంది కాబట్టి హాల్లో పరుపు వేశాను. అన్నం, కూర పొయ్యి మీద ఉన్నాయి.

అవును, ఆ ముదురు గులాబీ రంగే మళ్ళీ వేశాను. నిన్న నేను డ్యూటీలో ఉండగా పెయింటర్ని పిలిపించి దాని మీద తెల్లరంగు కొట్టించారు కదా. డబ్బాలో మిగిలినదాంతో పొద్దున్నుంచి నేనే నిచ్చెనెక్కి వేశాను. పై మూలలు అందలేదు, చూసి నవ్వుకోండి.

పదకొండేళ్ళు అద్దె ఇళ్ళల్లో మేకు కొట్టాలన్నా ఓనర్ల మొహం చూశాం. సొంతింట్లో ఒక్క గోడ నా ఇష్టమన్నాను, సరేనన్నారు. మీ అక్కగారు వచ్చి "ఇది ఇల్లా, బొమ్మల కొట్టా?" అనగానే మీ సరే కాస్తా గాల్లో కలిసిపోయింది.

నిన్న నేను వచ్చేసరికి పెయింటర్ బ్రష్షులు కడుగుతూ "సార్‌కి మొదట్నుంచీ నచ్చలేదంటమ్మా" అన్నాడు. నా మొగుడి మనసులో మాట నాకు పెయింటర్ చెప్పాలా? ఒళ్ళు మండిపోయింది.

నైట్ డ్యూటీకి ఆస్పత్రికి వెళ్తున్నాను. ఫోన్ చేసి సారీ చెప్పకండి, వార్డులో ఎత్తను.

ఇంకో మాట. నచ్చలేదని నాతోనే అనుంటే దెబ్బలాడేదాన్నే, కానీ ఇద్దరం కలిసి వేరే రంగు చూసుకునేవాళ్ళం. రేపు నేను వచ్చేదాకా ఆఫీసుకి వెళ్ళకండి. నచ్చలేదని నా మొహం మీదే చెప్పండి.