నాకొచ్చిన అన్యభాష

హుకుంపేట, గురువారం రాత్రి

పొద్దున తోటలో కాఫీ పళ్ళు కోస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్న సంగతి మరిచి, నా జపాను పాట గట్టిగా పాడేశాను. పక్క చెట్టు దగ్గరున్న పిన్ని బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

"అక్కా, బేగి రా! నీ గుంటకి అన్యభాషలొచ్చేసినాయి!"

సాయంత్రానికి చర్చి అంతా తెలిసిపోయింది. పరిశుద్ధాత్మ దిగితేనే అలా ఎవరికీ తెలియని భాష నోట వస్తుందట. ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ నేను లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పాలట.

"అది మామూలు పాటే పిన్నీ, జపానోళ్ళది," అని మొత్తుకున్నాను.

"నువ్వెప్పుడెల్లినావే జపాను?" అంది.

ఫోన్లో విని నేర్చుకున్నానంటే, ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? వాళ్ళ మాటలూ మన మాటల్లాగే అచ్చుతో ఆగుతాయి, నోటికి హాయిగా ఉంటాయి. ఏడుపు సంగతి చెబుతూ కూడా ఆ పాట గంతులేస్తుంది. డిగ్రీ అయింది కదా, ఇంకా ఉద్యోగం రాలేదా అని నన్ను అడగనిది అదొక్కటే. ఇప్పుడు దాన్నీ లాగేసుకున్నారు.

అమ్మకైనా నిజం చెప్పి ఆదివారం గొడవ ఆపించాలనుకున్నాను. నాకోసం ఏళ్ళ తరబడి ఉపవాసాలుంటున్న మనిషి, పొయ్యి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఒక్కపాలి నాకూ ఇనిపించవే," అంది. ఇది జపాను సినీపాటలాంటిదేనమ్మా అని చెప్పి మరీ పాడాను. ఆఖరి రైలు తప్పిపోయి, వానలో తడుస్తూ ఒంటరిగా నడిచే అమ్మాయి పాట అది.

అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆమెన్ అంది.