చదవకుండా పెట్టిన సంతకం

తాడేపల్లిగూడెం,
12 ఆగస్టు 2007.

బ్లెస్సీ నాన్నగారికి,

రాజకుమారి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం, అత్తయ్యగారి మోకాళ్ళు తప్ప. హౌరాలో వానలు వదలడం లేదని రాశారు. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి చేపలు సర్దే పని మీది, పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకుంటున్నారో లేదో. మీరు పనిచేసే చేపల చెరువులు సర్కారువాళ్ళు కొట్టేయకపోతే ఈపాటికి ఇంట్లోనే ఉండేవారు గదా అని అత్తయ్యగారు రోజూ అంటున్నారు.

మీరు అడిగినవాటికి జవాబులు. వంటింటి పెంకులు సర్దించాను, ఇప్పుడు కారడం లేదు. మీ గొడుగు పోలేదు, మా అహరోను అన్నయ్య దగ్గరుంది. అడిగితే తన సొంత గొడుగు అడిగినట్టు చూశాడు.

ఇక మూడోది. ప్రసాదరావు మాస్టారు పిల్లని బడి మానిపించినప్పుడు కాగితమేమైనా రాశారా అని మూడు ఉత్తరాల్నించి అడుగుతున్నారు. ఫోన్లో అడిగితే లైను సరిగ్గా లేదన్నాను. లైను బాగానే ఉందండి. మంగళవారం ఏలూరు వెళ్ళొచ్చాం. అక్కడ జరిగింది వరసగా చెప్తాను. చివరి పేజీ ముందు చూడకండి, మీ అలవాటు నాకు తెలుసు.

బడి మానేశాక కూడా బ్లెస్సీ ఒక్క రోజు మానలేదు. పెద్ద గంట ఇంట్లోకి వినబడుతుంది గదా, వినగానే సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడేది. రెండో గంట దాకా నిలబడి, ఎవరూ చెయ్యి పట్టుకోకపోతే లోపలికొచ్చి సంచీ మేకుకి తగిలించేది. మండలం నించి మన బ్లెస్సీలాంటి బుద్ధి నెమ్మదైన పిల్లల కోసం వచ్చే టీచరు శేషారత్నం గారు అది చూసే మా గుమ్మం ఎక్కారు. "చట్టం వచ్చి పన్నెండేళ్ళయిందమ్మా. ఇలాంటి పిల్లలకి పద్ధెనిమిదేళ్ళు నిండేదాకా ఉచితంగా చదువు చెప్పాలి. కాదంటే హైదరాబాదులో కమిషనరుగారికి అర్జీ పెట్టుకోవచ్చు, ప్లీడరు కూడా అక్కర్లేదు" అన్నారు. అర్జీ సంగతి మీకు చెప్పాను. దాని మీదే ఏలూరులో వికలాంగుల సంక్షేమం ఆఫీసుకి విచారించమని కాగితమొచ్చింది.

శేషారత్నం గారు నాకు తోడొచ్చారు. అక్కడి ఆఫీసరమ్మగారు నెమ్మదైన మనిషి. పిల్ల సంగతి నన్నే చెప్పమన్నారు. "పదేళ్ళండి. బుద్ధి నెమ్మది, మాట ముద్దగా వస్తుంది. కానీ ఒకసారి వచ్చింది మరిచిపోదండి" అన్నాను. విచారణకి పిలిస్తే వచ్చిన మాస్టారు కూడా అబద్ధమాడలేదు. "యాభై ఇద్దరికి ఒక్క టీచరండి. ఈ పిల్ల లేచి తిరుగుతుంటే మిగతావాళ్ళకి పాఠం సాగదండి" అన్నారు. అని, సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. 'మా అమ్మాయిని మా ఇష్టపూర్వకంగా బడి మానిపిస్తున్నాము.' కింద నా సంతకం.

శేషారత్నం గారు నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేకపోతున్నాను. ఆవిడకీ చెప్పలేదు నేను.

పోయిన డిసెంబరులో, క్రిస్మస్ పాటల మధ్యలో బ్లెస్సీ అరిచిన రోజున, మాస్టారు నన్ను పిలిపించారు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, "మీ ఆయన నా దగ్గరే చదువుకున్నాడమ్మా. నేను మీకు చెడు చెప్తానా? ఇక్కడో సంతకం పెట్టు" అన్నారు. చదువుదామనే కాగితం చేతిలోకి తీసుకున్నాను. పెద్దాయన ఎదురుగా కూర్చుని చదివితే నమ్మనట్టవుతుందని, "అలాగేనండీ" అని పెట్టేశాను.

ఇదీ సగమే నిజం. ఆ రోజు ఇంటికొస్తూంటే నాకు ఏడుపు రాలేదండి. హాయిగా అనిపించింది. ఇక రోజూ బడినించి కబురు రాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. మీకు మాత్రం వాళ్ళే గెంటేశారని రాశాను. నేనుగా రాసిచ్చానని తెలిస్తే మీ మొహం ఎలా మారుతుందో తలుచుకుని భయపడ్డాను.

"సంతకం మీదేనా?" అని అడిగారు ఆఫీసరమ్మగారు. కాదంటే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించాను.

"నాదేనండి. చదవకుండా పెట్టానండి. చదివినా పెట్టేదాన్నేనేమో, ఆ రోజు అంత విసిగిపోయి ఉన్నాను. కానీ బడి మానేస్తానని మా అమ్మాయి అనలేదండి. రోజూ గుమ్మంలో నిలబడుతోందండి. బడి దానిది గదండీ, నేనెలా రాసిచ్చేస్తాను?"

ఆఫీసరమ్మగారు ఆ కాగితం పక్కకి జరిపి, మాస్టారితో, "హక్కు పిల్లదండి. తల్లి అలసిపోయి పెట్టిన సంతకంతో అది పోదు" అన్నారు.

అక్కడే ఒడంబడిక రాయించారు. మూడో తరగతి, ముందు బెంచీ, వారానికి రెండు రోజులు శేషారత్నం గారొచ్చి పిల్ల పక్కన కూర్చోవాలి. టైపు చేసి నా ముందుకి తోశారు. "పెట్టమ్మా, బస్సుకి టైమవుతోంది" అన్నారు మాస్టారు. నేను వేలు పెట్టుకుని మొదటి అక్షరం నించి చదివానండి. పావుగంట పట్టింది. మాస్టారు గడియారం చూసుకున్నారు, ఫ్యాను చూశారు, మళ్ళీ గడియారం చూసుకున్నారు. చివరాఖరికి ఒక లైను కనబడింది: 'ఇబ్బంది కలిగినచో తల్లి వెంటనే పిల్లను ఇంటికి తీసుకొనిపోవలెను.' "ఇది ఉంటే నేను సంతకం పెట్టనండీ" అన్నాను. ఆఫీసరమ్మగారు తానే కలం తీసి కొట్టేశారు.

శుక్రవారం బ్లెస్సీ బడికెళ్ళింది. గంట మోగగానే మామూలుగా గుమ్మంలో నిలబడింది. నేను చెయ్యి పట్టుకుంటే నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది. వీధి చివరిదాకా నడిచి, అక్కడ చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది.

కోపమొస్తే రాయండి, తిట్టండి, పడతాను. మౌనంగా మాత్రం ఉండకండి. తండ్రి సంతకం కూడా ఉండాలన్నారు, అందుకే ఒడంబడిక ఇందులో పెట్టాను. నేను చెప్పానని పెట్టేయకండి. మొత్తం చదివి పెట్టండి.

ఇట్లు,
ఈసారి చదివే సంతకం పెట్టిన
మీ బ్లెస్సీ అమ్మ,
రాజకుమారి.