మన మూడు పశువులకు సరిపడే గోబర్ గ్యాస్

ఏమండీ, ఇస్లాపూర్‌లో అక్కకు జ్వరమని కబురొచ్చింది. ఈ చీటీ రాసిపెట్టి పది గంటల బస్సుకు పోతున్నాను. రొట్టెలు గంపలో ఉన్నాయి. బర్రెకు కుడితి పెట్టండి.

మధ్యాహ్నం గోబర్ గ్యాస్ సాహెబ్ వస్తాడు. దరఖాస్తు కాగితం మీద పెద్ద ప్లాంటు రాయించకండి, చిన్నదే రాయించండి. పెద్దదానికి రోజూ డెబ్బై అయిదు కిలోల పెండ కావాలి. వారం రోజులు నేను తూచి చూశాను. బర్రె, రెండు ఎడ్లు కలిసి ముప్పై దాటలేదు. పాత తరాజుతోనే తూచాను, జొన్నలు తూచేది ముట్టలేదు. మిగతా నలభై అయిదు కిలోలు మనిద్దరం ఎంత తిన్నా పూడ్చలేం. బి.ఎస్సీ. చదివి పెండ తూచానని అక్కకు మాత్రం చెప్పను.

పెండకు సమానంగా నీళ్లు కూడా కలపాలట. బావి తాడు మీ చేతిలో నేనెన్నడూ చూడలేదు.

"సర్కారు పెద్దదానికే ఎక్కువ పైసలిస్తది, ఊర్లె మనదే పెద్దగుండాలె" అన్నారు మీరు నిన్న. పక్కింటి అంబాదాస్ కూడా అట్లే అని కట్టించాడు. పెండ చాలక గ్యాస్ రాలేదు. ఇప్పుడు అతని భార్య వనమాల గ్యాస్ నిండాల్సిన ఆ ఇనుప డ్రమ్ము మీద మిరపకాయలు ఆరబోసి, మళ్లీ కట్టెల పొయ్యే ఊదుతున్నది. "మిర్చి మస్తు ఎండుతయ్ అక్కా" అంటుంది.

నేను వద్దనడం లేదు. మీకంటే నాకే ఎక్కువ కావాలి. పొగకు దూరముండమని కళ్ల డాక్టరు రెండుసార్లు చెప్పాడు. చిన్నదైనా రోజూ వెలగాలి, అంతే.

మరిచిపోయాను. సాహెబ్‌కు చాయ్ మీరే కాచి ఇవ్వండి. మొన్నటి వానకు కట్టెలు తడిసి ఉన్నాయి, గట్టిగా ఊదాలి. కళ్ల నీళ్లు తుడుచుకోకముందే సంతకం పెట్టండి.