ఫ్లెక్సీ మీద చెయ్యి

28 అక్టోబరు 2005, శుక్రవారం

శేషారత్నం పోయింది.

మధ్యాహ్నం కువైట్ నుంచి సరోజిని ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే వంటింట్లో టీ పెడుతూ కూలబడిందట. హార్ట్ ఎటాక్. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఇద్దరం పదకొండేళ్ళుగా పక్కపక్క ఇళ్ళలో పనిచేస్తున్నాం. నేను సెలవు మీద బందరు వచ్చి, మోకాళ్ళకి మాత్రలు మింగుతూ కూర్చున్న ఈ రెండు నెలల్లోనే పోవాలా? ప్రార్థన చేద్దామని కూర్చుని లేచిపోయాను. ఈ రోజు ప్రభువుతో మాట్లాడాలని లేదు.

29 అక్టోబరు, శనివారం

పెడన వెళ్ళాను. ఆమె భర్త వీరాంజనేయులు గారు అద్దకం షెడ్డులోనే ఉన్నారు. చేతులనిండా ఎర్రరంగు. కబురు తెలిశాక కూడా బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద అచ్చు వేస్తున్నారు. సగంలో వదిలేస్తే గుడ్డ పాడైపోతుందండీ, ఇంకేం చెయ్యాలో తోచక వేస్తున్నానండీ అన్నారు.

శేషారత్నం కోరిక ఆయనకీ తెలుసు. పోతే కాల్చొద్దని, పూడ్చమని ఫోనులో చాలాసార్లు చెప్పిందట. కువైట్ వచ్చిన మొదటి ఏడాదే మరిగే నూనె మీదపడి ఆమె ఎడమచెయ్యి మోచేతిదాకా కాలింది. ఈ జన్మకి కాలింది చాలు రూతక్కా, నన్ను మట్టిలో పెట్టండి అని నాతో అనేది.

ఆయన ఏసుని నమ్మలేదు. నమ్మమని నేనూ ఎప్పుడూ అడగలేదు. వాళ్ళ శ్మశానంలో దహనమే గానీ పూడ్చనివ్వరట. కులపెద్దల్ని బతిమాలి చూశారట. బాడీ వచ్చేలోపు మీ చర్చి వాళ్ళతో మాట్లాడి కాస్త చోటు ఇప్పించండమ్మా అంటూ నా చేతులు పట్టుకోబోయి, రంగు అంటుకుంటుందని వెనక్కి తీసుకున్నారు. అదెంత పని అన్నాను.

30 అక్టోబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్ జగన్మోహనరావు అయ్యగారిని కలిశాను. ముందు అయ్యో పాపం అన్నారు. తర్వాత, ఆమెకి బాప్తిస్మం ఎవరిచ్చారమ్మా అని అడిగారు. నేనే అన్నాను. ఎక్కడ అన్నారు. కువైట్ అబ్బాసియాలో, బాత్రూములో అన్నాను. సంఘ పెద్దలతో మాట్లాడి చెప్తానన్నారు.

మాట్లాడటానికి ఏముంది ఇందులో?

2 నవంబరు, బుధవారం

ఉంది. పెద్దలు తేల్చేశారు. శేషారత్నం బాప్తిస్మం చెల్లదట. పాస్టరుగా అభిషేకం లేని మనిషి ఇచ్చింది, పైగా ఆడది ఇచ్చింది. బాప్తిస్మం లేనివాళ్ళకి సమాధుల తోటలో చోటు లేదు. అయినా ఒక దారి ఉందట. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి, అధికారం లేకుండా బాప్తిస్మాలిచ్చాను, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం పంచాను, తప్పయింది, క్షమించండి అని నేను చెప్పాలి. చెబితే దయతలచి గోడవారన చోటిస్తారు. రెండు ముక్కలే కదా రూతమ్మా అన్నారు అయ్యగారు. టీ కూడా తెప్పించారు. ముట్టుకోలేదు.

ఏది తప్పయింది? మేం వెళ్ళిన కొత్తలో పాస్టర్‌ని ఎవర్నైనా పంపండని ఈయనకే ఎన్ని ఉత్తరాలు రాశానని! కువైట్ దూరం కదమ్మా, ప్రార్థనలో పెడుతున్నాం అని జవాబు వచ్చేది. ప్రార్థనలోనే పెట్టి ఉంచారు ఇన్నేళ్ళూ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అబ్బాసియాలో డ్రైవర్లు అద్దెకుంటున్న గదిలో శుక్రవారం శుక్రవారం చేరేవాళ్ళం. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి అందరికీ సెలవు దొరకదు. మొదట్లో ఫోన్ చేసి వాళ్ళూ వాళ్ళూ ఏడ్చేవారు, ప్రభువు బల్ల తీసుకుని ఏళ్ళయిందక్కా అని. చేతుల్లోకి మొబైళ్ళు వచ్చాక మిస్డ్ కాల్ పద్ధతి పెట్టాం. గదిలో రొట్టె విరవగానే ఒక్కొక్కరికీ రెండు రింగులు ఇచ్చేదాన్ని. ఎవరి వంటింట్లో వాళ్ళు, మేడమ్ చూడకుండా, దాచుకున్న రొట్టెముక్క నోట్లో వేసుకుని గుక్కెడు ద్రాక్షరసం తాగేవాళ్ళు. శేషారత్నం ఫ్రిజ్ తలుపు తీసి దాని చాటున నిలబడేదట. తలుపు తెరిచి ఉంచావేమని మేడమ్ అరిచినా మింగేదాకా మూసేది కాదట.

సముద్రంలో బాప్తిస్మమంటే పోలీసుల భయం. మా మేడమ్ పిల్లలు ఆడి వదిలేసిన గాలి తొట్టి ఒకటి ఉండేది. నీలం రబ్బరు, మీద బాతుబొమ్మలు. దాన్ని ఆ గది బాత్రూములో ఊది, నీళ్ళు పట్టి, అందులోనే ముంచాను అందర్నీ. శేషారత్నాన్ని ముంచితే సగం నీళ్ళు బయటికి పొర్లి వరండాలోకి పోయాయి. పక్కగదివాళ్ళు తలుపు బాదారు. ఆమె లేచి, జుట్టు పిండుకుంటూ ఒకటే నవ్వు. అది చెల్లదా? మీ సిమెంటు తొట్టిలోకి నీళ్ళు పరలోకం నుంచి దిగుతున్నాయా? అవీ మునిసిపాలిటీ పంపు నీళ్ళే కదా అయ్యగారూ!

చెప్పను. చచ్చినా చెప్పను.

4 నవంబరు, శుక్రవారం

అక్కడ రంజాన్ పండగ సెలవులు. ఆఫీసులు తెరిస్తే గానీ బాడీ కాగితాలు కదలవు.

చెప్పేస్తే పోతుందేమో. రెండు ముక్కలే.

5 నవంబరు, శనివారం

వీరాంజనేయులు గారు వచ్చారు. చోటు దొరికిందా అని అడగడానికి మొహమాటపడుతూ బందరు లడ్డూ పొట్లం ఒకటి తెచ్చారు. చావింటి మనిషి నాకు స్వీటు తేవడమేమిటి! ఉన్నదంతా చెప్పేశాను. ఆదివారం నిలబడి చెప్పేస్తానని కూడా అన్నాను. ఆయన చెప్పుల వంక చూస్తూ, అలా చెబితే ఆవిడ ఇన్నేళ్ళు నమ్ముకుందంతా ఉత్తిదైపోదా అండీ అన్నారు.

ఆయన వెళ్ళగానే సరోజిని ఫోన్. ఈ సంగతి అక్కడికి ఎలా పాకిందో ఏమో. మావి కూడా చెల్లవా అక్కా, మళ్ళీ తీసుకోవాలా అని అడిగింది. కోడూరు పిల్ల ఒకతి అన్నం మానేసి ఏడుస్తోందట. నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లుతాయి, లేచి అన్నం తినమను అని గట్టిగా అరిచాను. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు.

6 నవంబరు, ఆదివారం

మందిరానికి వెళ్ళలేదు. నా పేరు రెండుసార్లు పిలిచారట. పిలుచుకోనీ.

8 నవంబరు, మంగళవారం

 

కూరలకి వెళ్తూ చూశాను. మందిరం పక్క ఖాళీ స్థలంలో పందిరి వేశారు. గురువారం నుంచి ప్రవాస తెలుగు సువార్త మహాసభలు. అమెరికాలో, డాలస్‌లో తెలుగు సంఘం నడిపే డాక్టర్ చలపతిరావు గారు ముఖ్య ప్రసంగీకులు. గేటు పక్కనే ఇంత పొడుగు ఫ్లెక్సీ. ఎడంవైపు అయ్యగారు, కోటు, టై. కుడివైపు, కువైట్‌లో మన పరిచర్య అని పెద్ద అక్షరాలు. ఆ అక్షరాల కింద శేషారత్నం.

నీలం తొట్టి. బాతుబొమ్మలు. తడి జుట్టు, కాలిన చెయ్యి, అదే నవ్వు. సంతోషం పట్టలేక అప్పట్లో నేనే అయ్యగారికి పంపిన ఫోటో. అందులోంచి నన్ను కత్తిరించేశారు. ఆమె తల మీద నా చెయ్యి మాత్రం మిగిలింది, మణికట్టు దాకా, నల్లబెల్టు వాచీతో. అది ఎవరి చెయ్యో తెలియదు. పక్కనే అయ్యగారి మొహం ఉంది కాబట్టి ఆయనదే అనుకుంటారు. అనుకోవాలనే కత్తిరించారు.

ఫ్లెక్సీకి చెల్లిన బాప్తిస్మం సమాధికి చెల్లదట. డాలస్ వాళ్ళకి చూపించడానికి శేషారత్నం కావాలి, గోతిలో పెట్టడానికి వద్దు. కూరల సంచీ అక్కడే మర్చిపోయి వచ్చాను.

9 నవంబరు, బుధవారం

బాడీ రేపు తెల్లవారుజామున హైదరాబాదులో దిగుతుంది. వ్యాను మాట్లాడాం. బయల్దేరుతున్నాం. చోటు లేదు.

11 నవంబరు, శుక్రవారం, నాగాయలంక అవతల, పెద్దిరాజు బాబాయి ఇల్లు

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

హైదరాబాదులో పెట్టె తీసుకుని బందరు దారి పట్టాం. పెట్టె వెనకాల. వీరాంజనేయులు గారు దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఎక్కడికి పోవాలండీ అని డ్రైవరు అడుగుతూనే ఉన్నాడు. బందరే గానీ, ఆ తర్వాత ఎక్కడికో నాకే తెలియదు. గూడూరు దగ్గర పొలాలనిండా నీళ్ళు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఉప్పెన.

డెబ్భయ్యేడులో అది వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నాగాయలంక అవతల మా ఊళ్ళో మిగిలిన మగవాళ్ళు ఏటిగట్టు పక్కన పెద్ద గొయ్యి తీసి దొరికినవాళ్ళని దొరికినట్టు పూడ్చారు. మా అమ్మ అందులోనే ఉంది. అమ్మ పక్కన షావుకారు గారి కోడలు. ఆ గొయ్యి తవ్వినవాళ్ళలో పెద్దిరాజు బాబాయి ఒకడు. చేపలు పట్టుకునే మనిషి, మా నాన్నకి స్నేహితుడు. ఫోన్ చేసి, బాప్తిస్మం గొడవ మొత్తం చెప్పబోయాను. సగంలోనే ఆపేసి, అమ్మ పక్కన చోటుంది తీసుకురావే, అప్పుడు ఎవర్నడిగాం గనక ఇప్పుడు అడగటానికి అన్నాడు.

అలాగే నేరుగా వెళ్ళిపోవచ్చు. నాకు మనసొప్పలేదు. బందరులో పందిరి ముందు వ్యాను ఆపించాను.

సభ మొదలుకాబోతోంది. అయ్యగారు, డాలస్ డాక్టర్ గారు గేటు దగ్గరే ఉన్నారు. అయ్యగారూ, ఈ ఫ్లెక్సీలో ఉన్నామె ఆ వ్యానులో ఉంది, ఆమెకి బాప్తిస్మం అయినట్టా కానట్టా, ఒక్క మాట చెప్పండి అని అందరికీ వినపడేలా అడిగాను. అయ్యగారి మొహం మాడిపోయింది. ఈమె మా కువైట్ బ్రాంచి సిస్టర్ అని డాక్టర్ గారికి పరిచయం చేశారు. నన్ను పక్కకి పిలిచి, గోడవారన కాదు, గేటు దగ్గరే మంచి చోటు ఇస్తామన్నారు. డాక్టర్ గారి చేత ప్రార్థన చేయిస్తామన్నారు. క్షమాపణ కూడా అక్కర్లేదట. బాప్తిస్మాలన్నీ అయ్యగారి ఆధ్వర్యంలోనే జరిగాయని స్టేజీ మీద ఒక్క మాట చెబితే చాలట.

పోయిన వారం బుధవారం అది నా తప్పు. ఈ గురువారానికి ఆయన పరిచర్య.

వ్యానులో ఉన్న పెట్టెని, ఆ మంచి చోటుని తలుచుకున్నాను. శేషారత్నం అయితే ఏమనేదో అని కూడా తలుచుకున్నాను. ఫ్రిజ్ తలుపు మూసేది కాదు. ఆయన గొంతు తగ్గించి అడిగినదాన్ని నేను గొంతు పెంచి అందరికీ చెప్పాను. ఆ చెయ్యి నాది, ఇదిగో వాచీ అని చూపించాను. డాక్టర్ గారు వ్యాను దాకా వచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టి, ఆమె పేరేమిటని అడిగారు. చెప్పాను. నిజానికి ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు.

తర్వాత వెళ్ళి ఫ్లెక్సీ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. ఎవరో అరిచారు. వీరాంజనేయులు గారు వచ్చి రెండో పక్క విప్పారు. గుడ్డలు మడతపెట్టే అలవాటు కదా, ఎక్కడా నలగకుండా మడతపెట్టి వ్యానులో పెట్టారు.

ఈ పొద్దున అమ్మ పక్కన శేషారత్నాన్ని మట్టిలో పెట్టాం. వాక్యం నేనే చదివాను. రొట్టె నేనే విరిచాను. కువైట్‌లో ఉన్న ఒక్కొక్కరికీ ఇక్కణ్ణుంచే రెండేసి రింగులు ఇచ్చాను. వేలు నొప్పిపుట్టింది. వీరాంజనేయులు గారు రొట్టె తీసుకోలేదు గానీ అయ్యేదాకా చెప్పులు విడిచి నిలబడ్డారు.

సాయంత్రం వాన పట్టుకుంది. పచ్చి మట్టి కొట్టుకుపోతుందని బాబాయి కంగారుపడితే, ఫ్లెక్సీ తెచ్చి కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. పొడుగెక్కువై అయ్యగారి వైపు కిందికి మడిచి మట్టిలోకి తొక్కాం. శేషారత్నం, నా చెయ్యి పైకి ఉన్నాయి. ఈ రంగు ఎండకి ఏడాది కూడా నిలవదండీ అన్నారు వీరాంజనేయులు గారు. ఈ వానాకాలానికి చాలు అన్నాను.

18 నవంబరు, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. రెండు రింగులు. శేషారత్నం నంబరు.

 తిరిగి చేశాను. ఆమె స్థానంలో ఆ ఇంట్లో చేరిన పిల్లట, పేరు శ్రావ్య, ఊరు ముదినేపల్లి. ఆ ఫోన్ ఇప్పుడు ఆమెకిచ్చారట. అందులో మొదటి పేరు నాదేనట. శుక్రవారాలు అందరూ ఎక్కడో కలుస్తారట కదా ఆంటీ, నన్నూ రానిస్తారా అని అడిగింది.

సోమవారం నాకు కువైట్ ప్రయాణం. పాత తొట్టికి చిల్లు పడిందని సరోజిని చెప్పింది. కొత్తది కొనాలి, ఈసారి కాస్త పెద్దది.