తలుపుకు ఫ్లావా రంగు

రంగుల దుకాణం యజమాని గారికి ఆశీస్సులు.

నేను మీ వీధి చివరి ఇంటి విశ్రాంత లాటిన్ పండితుణ్ణి. మోకాళ్ళ బాధచేత రాలేక ఈ ఉత్తరం పంపుతున్నాను. మా ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళుతూ, తాను తిరిగి వచ్చేసరికి వీధి తలుపుకు తాను చెప్పిన రంగు లేకపోతే గుమ్మం నుంచే వెనక్కి పోతానన్నది. శుక్రవారం వస్తుంది. కావున తలుపుకు 'ఫ్లావుస్' వర్ణం వేయించగలరు. పండిన పైరుకూ, తేనెకూ, బంగారు జుట్టుకూ లాటిన్ కవులు వాడిన విశేషణమది.

ఇట్లు,
అలసిన గృహస్థు

తా.క. లాటిన్‌లో తలుపు స్త్రీలింగం. కనుక 'ఫ్లావా' అని సవరించుకోగలరు.

---

పంతులు గారికి నమస్కారాలు.

మా డబ్బాల్లో ఆడా మగా లేదండి. పైరు, తేనె, జుట్టు అంటే మూడు రంగులు. అమ్మగారు అసలేమన్నారో కాస్త గుర్తు తెచ్చుకోండి.

మీ రంగులాయన

తా.క. తలుపు గీకుతున్నాం. పాత రంగు కింద ఇంకో పాత రంగు బయటపడింది. దాన్ని లాటిన్‌లో ఏమంటారో చెప్పకండి.

---

ఆయుష్మంతులైన రంగులవారికి,

ఆమె చెప్పేటప్పుడు నేను నిఘంటువులో మునిగి ఉన్నాను. పైరు అన్న మాట ఒక్కటే చెవినపడింది. కవులకు పైరంటే పండినదే. ఇక మూలానికి వెళితే, ఫ్లావుస్‌కూ ఇంగ్లీషువారి 'బ్లూ'కూ ధాతువు ఒక్కటే. పసుపూ నీలమూ ఒకే తల్లి బిడ్డలు. దూరదేశాలు పోయి ముఖాలు మార్చుకున్నారు. ఇది మనసులో ఉంచుకొని రంగు కలపగలరు. నాకిక ఓపిక లేదు.

ఇట్లు,
మరింత అలసిన గృహస్థు

తా.క. పసుపుబారడానికి 'ఫ్లావేస్కెరె' అని క్రియ కూడా ఉన్నది. అడగలేదు గాని చెప్పాను.

---

పంతులు గారూ,

మీరు రాసినట్టే బిడ్డలిద్దరినీ ఒక డబ్బాలో కలిపాం. ఆకుపచ్చ వచ్చింది. రెండు పూతలు వేశాం.

మీ రంగులాయన

తా.క. ఇంకా ఆరలేదు. తలుపుకు ఆనుకొని ఆలోచించకండి.

---

అయ్యా,

ఆనుకొనే ఆలోచించాను. చొక్కా వీపు ఆకుపచ్చ. రేపే శుక్రవారం. శోకానికి లాటిన్‌లో నాకు చాలా మాటలు వచ్చు. మా ఆవిడకు చెప్పడానికి ఒక్కటీ తోచడం లేదు. ఆమె వెళ్ళిన నాటినుంచి ఈ ఇంట్లో నా మాటకు బదులు పలికింది మీ ఉత్తరాలే. దయచేసి ఆ రంగు మార్చండి.

ఇట్లు,
గుమ్మంలో కూర్చున్నవాడు

తా.క. ఆమె వెనక్కి వెళ్ళిపోతే ఇకమీదట రోజూ మీకే రాస్తాను.

---

పంతులు గారికి,

ఆ చివరి మాటకు మా దుకాణమంతా భయపడింది. అందుకని నిజం చెప్పేస్తున్నాను. ఊరెళ్ళే రోజు అమ్మగారు మా దగ్గరకొచ్చి, లేత పైరు రంగని ఈ ఆకుపచ్చనే వేలుపెట్టి చూపించారు. "ఆయనకు చెప్పాను, వినలేదు. నీకు ఉత్తరాలు రాస్తారు. అన్నిటికీ జవాబివ్వు నాయనా, ఇంట్లో పలికేవాళ్ళుండరు. రంగు మాత్రం ఇదే వెయ్యి" అన్నారు. పసుపు, నీలం అని మీరే రాశాక నా పని తేలికైంది.

తలుపు మార్చను. మీరు చొక్కా మార్చుకోండి.

మీ రంగులాయన

తా.క. రేపు అమ్మగారు చొక్కా సంగతి అడిగితే, ఆమె ముగించేదాకా వినండి. మూలం తర్వాత చెప్పొచ్చు.