చెరువు మీద వేలాడిన పేర్లు

12 సెప్టెంబరు 2005, సోమవారం

సుగుణ వదినకి ఏ రక్తమూ కలవడం లేదు. రిపోర్టులో ఓ పాజిటివ్ అనే ఉంది. ఓ గ్రూపు బ్యాగు దేనితో కలిపి చూసినా గడ్డలు కడుతోంది. చివరికి బాంబే గ్రూపు అని తేల్చారు. చూడ్డానికి ఓ లాగే ఉంటుంది కానీ బాంబే వాళ్ళ రక్తం తప్ప ఇంకేదీ పడదట, పదివేలమందిలో ఒక్కరికి ఉంటుందట. నెలలు నిండాయి, మాయ కిందికి ఉంది, బ్లీడింగ్ మొదలైతే ఆపరేషన్ తప్పదు, రక్తం లేకుండా కత్తి పట్టనని డాక్టరమ్మ గారు చెప్పేశారు.

అన్నయ్య వరండాలో కూలబడ్డాడు. నేను మాత్రం నవ్వాను, పిచ్చిదాన్ని. నేను పనిచేసే ఈ హాస్పిటల్ కంప్యూటర్లోనే రక్తదాతల అడ్రసులన్నీ టైపు చేసింది నేనే. బాంబే గ్రూపు ఆయన ఒకరున్నారు. పేరు గుర్తు లేదు, ఊరు గుర్తు లేదు, ఉన్నారని మాత్రం గుర్తుంది. పొద్దున్నే ఫోన్ చేస్తానని అన్నయ్యకి మాటిచ్చాను.

13 సెప్టెంబరు, ఉదయం 9

దాతల ఫోల్డర్ లేదు.

సాయంత్రం

కంప్యూటర్లో మెయిల్ చూసే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో నా పేరున ఒక ఐడెంటిటీ, సాయంత్రం డ్యూటీ చేసే విజయ్ పాల్‌కి ఒకటి. ఇద్దరికీ కనబడాలని దాతల్ని అడ్రస్ బుక్‌లో షేర్డ్ కాంటాక్ట్స్ అనే ఫోల్డర్లో పెట్టాం. వైరస్ వచ్చిందని ఆయన శనివారం హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేయించాడు. బ్యాకప్ సీడీ ఉందిగా మేడమ్ అన్నాడు. సీడీలుండే డ్రాయర్ ఊడ్చినట్టు ఖాళీ.

విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు బ్లడ్ బ్యాంకులకి ఫోన్లు చేశాను. లేదు. లేదు. రేపు చెబుతాం. ప్రార్థన చేయబోతే కోపం వచ్చింది.

14 సెప్టెంబరు

అటెండర్ గంగరాజుని నిలదీశాను. ఆ సీడీలాండీ, పాడైపోయినయ్యనుకుని మీ అన్నయ్యగారికే ఇచ్చేశానండి, చెరువు మీద కట్టుకుంటానన్నారండి అన్నాడు.

నీటికాకులు చేపపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని మా వైపు చెరువులకి అడ్డంగా తాళ్ళు కట్టి పాత సీడీలు వేలాడదీస్తున్నారు. అవి తళుక్కుమంటే కాకి దిగదు. అన్నయ్యకి చెబితే వెంటనే బండి తీశాడు.

ఆకివీడు అవతల చెరువు. ఒకటే వాన. అన్నయ్య మేత వేసే పడవెక్కి, తాడు వెంబడి ఒక్కో సీడీ తెంపి తెస్తుంటే గట్టు మీద కూర్చుని కొంగుతో తుడిచి చూశాను. సినిమాలు, క్రిస్మస్ పాటలు, ఏ రాతా లేనివి. నా చేతిరాత ఉన్నది చీకటి పడేముందు దొరికింది. ఒళ్ళంతా గీతలు, అంచున వెండి పొర లేచిపోయింది.

నా చేత్తో నేనే కట్టానే అన్నాడు అన్నయ్య. దారంతా అదే మాట.

15 సెప్టెంబరు, ఉదయం

వదినకి బ్లీడింగ్ మొదలైంది.

11 గంటలు

సీడీ తిరుగుతుంది, ఆగుతుంది. కబురు చేస్తే వచ్చిన విజయ్ పాల్ టూత్‌పేస్టు రాసి తుడిచి మళ్ళీ పెట్టాడు. తెరుచుకుంది! అడ్రసులు కంప్యూటర్లోకి ఎక్కాలని ఇంపోర్ట్ కొట్టాను. అయిపోయిందంది. అడ్రస్ బుక్ తెరిస్తే ఖాళీ. కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను. వ్యూ మెనూలో ఫోల్డర్స్ అండ్ గ్రూప్స్ దగ్గర టిక్ లేదు చూడండి మేడమ్ అన్నాడు. పెట్టాను. ఎడం పక్కన షేర్డ్ కాంటాక్ట్స్ వచ్చి కూర్చుంది.

శివరామకృష్ణ గారు, లెక్చరర్, పెద్దాపురం.

ఫోన్ ఎత్తింది ఆయన భార్య. కాలేజీకి వెళ్ళారండి అంది. ఏడుస్తూనే వదిన సంగతి చెప్పాను. ఏడవకండి, నేనే వెళ్ళి కారెక్కించి పంపిస్తానండి అంది.

ఆయన ఇంకా రాలేదు. రోడ్డు మీద ఏ కారు ఆగినా లేచి చూస్తున్నాను.

16 సెప్టెంబరు

నిన్న ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటూనే కారు దిగారు. ఆపరేషన్ అయింది, ఆడపిల్ల. వదిన కళ్ళు తెరిచింది.

20 సెప్టెంబరు

వదిన మా మేనమామ కూతురే. మేనరికాల్లో ఈ గ్రూపు పిల్లలకీ వస్తూ ఉంటుందని డాక్టరమ్మ గారు పాప రక్తం కూడా పరీక్ష చేయించారు.

షేర్డ్ కాంటాక్ట్స్‌లో కొత్తగా చేర్చినది:

పేరు: ఇంకా పెట్టలేదు. గ్రూపు: బాంబే. ఫోన్: అన్నయ్యది. రక్తం ఇవ్వగలిగేది: పద్దెనిమిది నిండాక, 2023లో.