కాలువ గట్టు మీద చుక్కి

దేశనూరు,
ఆగస్టు 1963

ఎన్ని ఊళ్ళ అవతల ఉన్నా కళ్ళు మూసుకుంటే ఎదురుగా వచ్చి నిలబడే బావకు,

హనుమక్క రాస్తున్న మాటలు. మా బడిలో కన్నడమే నేర్పారు. ఈ తెలుగు మా నాయన అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించింది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు. అత్త బాగుంది. తొలకరికి వేసిన ముంగారి జొన్న బాగా లేచింది. ఇంతవరకూ క్షేమమే. ఇక మీద రాసేది తీరిక చేసుకుని ఒక్కడివే చదువు.

పోయిన కార్డులో, కోస్తా నుంచి వచ్చిన పున్నమ్మ వాళ్ళ బావి మెట్ల మీద జారాను, కాలు బెణికింది అని రాశాను. అది అబద్ధం బావా. నేను గుర్రం మీదినుంచి పడ్డాను. మన చుక్కి మీదినుంచి.

ఉగాది అయినాక నువ్వు లారీ తీసుకుని కార్వారు పోయావు చూడు, ఆ రోజునుంచి చుక్కి మేత ముట్టలేదు. బస్సు కూత వినపడితే చాలు, కట్టుగొయ్య చుట్టూ తిరిగేది. మీ చిన్నాయన కొడుకు నారప వచ్చి ఉలవలు పెడితే మూతితో తోసేసింది. అప్పుడు నేను నీ పాత తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్ళాను. అది వాసన చూసింది. చాలాసేపు నా భుజం మీద మూతి ఆనించి నిలబడింది. తర్వాత నా చేతిలోంచి తిన్నది. ఆ తువ్వాలును నేను కూడా తలకింద పెట్టుకుని పడుకుంటానని దానికెట్లా తెలుసు? ఇంట్లో మేమిద్దరమే ఒకే రోగంతో ఉన్నామనిపించింది.

తెల్లవారుజామున దాన్ని కాలువ గట్టు మీద తిప్పడానికి తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు తూము గోడ పక్కన నిలబడింది. గోడ ఎక్కితే దాని వీపు నా నడుముకు వచ్చింది. చీర కాసె పోసి కట్టుకుని ఎక్కేశాను. అది కదల్లేదు, చెవులు మాత్రం వెనక్కి తిప్పింది. ఆ ఎత్తు నుంచి చూస్తే మన చేలు, తెక్కలకోట కొండలు, లారీలు పోయే రోడ్డు అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. నువ్వు రోజూ చూసే ఊరు ఇదా అనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను గోడలు, తలుపులు, పశువుల నడుములు మాత్రమే చూశాను. నువ్వు కూర్చునే చోట కూర్చుని, నువ్వు చూసేది చూస్తే, నువ్వు లేని లోటు కొంచెం పూడినట్టుండేది. అందుకే రోజూ ఎక్కాను. ఊరు లేవకముందే తిరిగి వచ్చేదాన్ని.

ఎండలు ముదిరి కాలువకు నీళ్ళు ఆపేసినాక ఒక పొద్దున రోడ్డు మీద లారీ హారను మోగింది. నీ లారీ కూతలాగే, ముందు పొడుగ్గా, చివర తెగినట్టు. లారీ ముక్కుకు నువ్వు పోయే దారి ఎర్రమట్టి దుమ్ము. చుక్కి సకిలించి పరుగందుకుంది. కళ్ళెం నా చేతిలోనే ఉంది. ఆపగలిగేదాన్ని. ఆపలేదు. నేను కూడా పరుగెత్తాను బావా, దాని కాళ్ళతో. దగ్గరికి పోయేసరికి లారీ నడిపేవాడు ఎవరో తలపాగా మనిషి. నన్ను చూసి నోరు తెరిచి అట్లాగే పోయాడు. చుక్కి గట్టు అంచున ఒక్కసారిగా ఆగిపోయింది. నేను ఆగలేదు. తూము కింద పరిచిన రాళ్ళ మీద కుడి మోకాలు ముందుగా పడ్డాను.

కుప్ప నూర్చుకుంటున్న పున్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "కదలబోకమ్మాయ్, కదలబోకు! ఎవరి కోడలివే తల్లీ?" అన్నది. నేను చెప్పాల్సింది పేరు. చెప్పింది మాత్రం, "గుర్రం మీదినుంచి పడినానని సెప్పొద్దు పెద్దమ్మా" అని. ఆమె నా మొహం చూసి, "బావి మెట్ల మీద జారావు. సరేనా? నేను చూశాను" అన్నది. వాళ్ళ బండిలోనే ఇంటికి తెచ్చింది. చుక్కి బండి వెనకాలే నడిచి వచ్చింది, ఎవరూ పట్టుకోకుండానే.

బళ్ళారి ఆసుపత్రిలో మోకాలిచిప్ప పగిలిందన్నారు. తొడనుంచి మడమదాకా గట్టిపడే తెల్లకట్టు కట్టారు. కట్టు విప్పినాక కాలు నాది కాదనిపించింది. సన్నగా, పాలిపోయి, కొయ్యలా. డాక్టరు చేత్తో వంచి చూశాడు. నేను అరిచాను. "ఇష్టే అమ్మా, ఇన్ను బగ్గోదిల్ల" అన్నాడు. ఇంతే, ఇక వంగదు అని. ఆ మాట మన భాషలో చెప్పి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదేమో.

ఇప్పుడు నేలమీద కూర్చోలేను. పొయ్యి ముందు కూర్చుని రొట్టె తట్టలేను. అందరూ చాప మీద తింటే నేను గోడకు ఆనుకుని నిలబడి తింటాను. ఆడదాని మిగతా అవస్థలు ఉత్తరంలో రాసేవి కావు. వాన ముసురు పట్టిన రోజు ఎముక లోపల ఎవరో కూర్చుని గోకుతున్నట్టు ఉంటుంది.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి. తెక్కలకోట నుంచి మన చుట్టం రామలక్ష్మమ్మ వచ్చింది, అత్తను చూడడానికి. నేను లోపల ఉన్నానని తెలియక, "కాలు వంగని కోడల్ని పెట్టుకోని ఏం సేస్తావు వదినా? కోదండరామికి వయసుండాది. మా ఊర్లో ఒక పిల్ల ఉండాది, సూద్దామా?" అన్నది. అత్త ఏమంటుందా అని తలుపు పట్టుకుని నిలబడ్డాను. అత్త ఏమీ అనలేదు. జొన్నలు చెరుగుతూనే ఉంది. చేట చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

మేనత్త అని, నన్ను ఎత్తుకుని పెంచింది అని, ఆమె మీద నాకు ఒక ధైర్యం ఉండేది. ఆ చప్పుడులో అది పోయింది.

కాబట్టి బావా, పంట ఇంటికొచ్చినాక నేను సంగనకల్లు, మా పుట్టింటికి వెళ్ళిపోదామనుకుంటున్నాను. నాయన తీసుకుపోతానన్నాడు. నువ్వు వచ్చేసరికి నేను ఉండను. నీ పక్కన నేలమీద కూర్చోలేని మనిషి కోసం నువ్వు బాధపడవద్దు. వానలకు కొండల మీది ఘాటు దారి తెగి లారీతో అవతల చిక్కుకున్నానని రాశావు. ఒకరకంగా మంచిదే. నన్ను ఇట్లా చూడకుండానే నిర్ణయం చేసుకో. చుక్కిని మాత్రం ఏమీ అనకు. అది పడేయలేదు. అది నిన్ను వెతికింది, అంతే.

నువ్వు కనబడక ఎండిన కళ్ళతో,
హనుమక్క

~

కార్వారు,
సెప్టెంబరు

హనుమక్కకు,

ఉత్తరం అందింది. నాకు నీలాగా రాయడం రాదు. వచ్చినంత రాస్తాను.

సంగనకల్లు పోవద్దు. నువ్వు పోతే నేను వచ్చేసరికి ఇల్లుంటుంది, ఇంట్లో నేను వెతికే మనిషి ఉండదు. రామలక్ష్మమ్మ మాటకు జవాబు రాసి సిరా పాడుచేసుకోను. అమ్మ ఎందుకు ఊరకుందో నాకు తెలియదు. అడుగు. మనింట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, అదే మన రోగం.

ఆ హారను నాది కాకపోవడమే నా తప్పు. ఇక్కడ పగలంతా లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తాను. సాయంత్రం సముద్రం ఒడ్డుకు పోతాను. నాతో వచ్చినవాళ్ళు ఆ నీళ్ళలో ఏముందని చూస్తావప్పా అని ఎగతాళి చేస్తారు. ఆ మబ్బువేళ సముద్రం కొత్తగా దున్నిన మన నల్లరేగడి చేనులాగే ఉంటుంది, అంతు లేకుండా, సాళ్ళు సాళ్ళుగా. అందుకే పోయి నిలబడతాను. చివర ఎక్కడో నువ్వు గంప ఎత్తుకుని వస్తున్నట్టుంటుంది. చీకటి పడినాక తిరిగి వస్తాను.

చుక్కిని మాత్రం నేను క్షమించలేను. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచాను. అయినా నీ కాలు పోగొట్టిన జంతువు మన వాకిట్లో ఉలవలు తింటుంటే చూడలేను. సిరుగుప్ప హొన్నూరప్ప జట్కాకు గుర్రం కావాలన్నాడు. అతన్ని వచ్చి తోలుకుపొమ్మనమని నారపకు కార్డు రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాశాను. నువ్వు అడ్డం చెప్పవద్దు.

దారి తెరవగానే వస్తాను.

కోదండరామి

~

దేశనూరు,
అక్టోబరు

అడ్డం చెప్పవద్దని రాసిన బావకు,

అడ్డం చెప్పాను. ముందు కోప్పడి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నారప, హొన్నూరప్ప కలిసి వచ్చారు. నేను అరుగు మీద కాలు చాచుకుని కూర్చున్నాను. హొన్నూరప్ప చుక్కి పళ్ళు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు. "మంచి జాతి. జట్కాకు బాగా పనికొస్తాది" అని మెడకు కొత్త తాడు వేశాడు. చుక్కి నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. నారప వెనకనుంచి కొట్టడానికి చెయ్యెత్తాడు. నాలో ఏమి పుట్టిందో, కర్ర పట్టుకుని లేచి వీధిలోకి దిగాను.

"నారపా, దాన్ని కొట్టొద్దు. తప్పు దానిది కాదు. నేనే ఎక్కినా. నేనే పరిగెత్తించినా. మీ అన్న లారీ అనుకున్నా. బావి లేదు, మెట్లు లేవు, అంతా అబద్ధం!" అని అరిచాను. ఎదురింటివాళ్ళు తలుపులు తీశారు. తీస్తే తీయనీ అనుకున్నాను.

అత్త లోపలినుంచి వచ్చింది. ఆమె తాపీగా, "తెలుసులేమ్మే. బావి మెట్ల మీద జారినోళ్ళ సీరంతా గుర్రం ఎంట్రుకలు యాడనుంచి వస్తాయి? ఆ సీర ఉతికింది నేను గదా" అన్నది.

"తెలిసీ ఏమీ అనలేదే అత్తా?"

"ఏమనేది? మొగుడి మీద బెంగతో గుర్రమెక్కినావని దండోరా ఏయించేదా?"

నువ్వు అడగమన్నావు కదా, అందరి ముందే అడిగేశాను. "ఆ రామలక్ష్మమ్మ ఇంకో పిల్ల అన్నప్పుడూ ఏమీ అనలేదు."

అత్త మొహం మారింది. నేను విన్నానని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. అరుగు అంచున కూలబడి, "ఆయమ్మ మనింట్లో సెయ్యి కడుక్కోని అన్నం తినాల్సిన మనిషి. అన్నం ముందర ఏమంటాను? బస్సెక్కిచ్చినాక కిటికీకాడ నిలబడి అన్న్యా. ఇంగో పిల్ల సంగతి ఎత్తుకోని మా గడప తొక్కినావంటే మర్యాద ఉండదని సెప్పినా. బస్సులో అందరూ ఇన్నారు. నువ్వొక్కదానివే ఇనలేదు" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, "నా మేనకోడలివి నువ్వు. నా తమ్ముని బిడ్డవు. నిన్ను యాడికి పంపుతానమ్మే?" అన్నది.

నేను కర్ర మీద నిలబడే ఏడ్చాను. కూర్చుని ఏడ్వడానికి కూడా ఈ కాలు ఒప్పుకోదు కదా.

హొన్నూరప్ప తాడు పట్టుకుని, "మరి గుర్రం సంగతేందప్పా?" అని నారపను అడిగాడు. జవాబు అత్త చెప్పింది.

"వానలకు ఎగువ సేనుకాడికి బండి పోదు, సక్రాలు దిగబడతాయి. పత్తికి పురుగు పడిందో లేదో సూసే దిక్కు లేదు. నాకు సత్తవ లేదు. ఈ కోడలు పిల్ల అంత దూరం నడవలేదు. నా కొడుకు సముద్రం కాడ ఉండాడు. ఉండే ఒక్క గుర్రాన్ని నీకిచ్చి మేమేం సేసేది?" అని నా వైపు తిరిగింది. "ఎక్కమ్మే."

"కాలు వంగదు గదా అత్తా."

"వంచమని ఎవరన్నారు? గుర్రమెక్కితే కాలు యాలాడేదే గదా!"

హొన్నూరప్ప నవ్వాపుకోలేక అటు తిరిగాడు. మజ్జిగ తాగి, తన తాడు తాను విప్పుకుని, "ఇంగ నాకు ఈడ పని లేదమ్మా" అని వెళ్ళిపోయాడు.

చుక్కిని అరుగుకు ఆనించి నిలబెట్టారు. నారప కళ్ళెం పట్టుకున్నాడు. అత్త నా కుడికాలు రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డను తొట్టి దాటించినట్టు దాని వీపు మీదుగా అవతలికి దాటించింది. నేను దాని జూలు గుప్పిట్లో పట్టుకున్నాను. రాళ్ళు, దుమ్ము, ఆ తలపాగా మనిషి నోరు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. దిగిపోతానన్నాను. "దిగు, రేపెక్కు" అన్నది అత్త. నేను దిగలేదు.

ఆమె వీధిలో ముందు నడిచింది, నా కర్ర తన చేత పట్టుకుని. ఎవరైనా తలుపు సందులోంచి నవ్వబోతే ఆ కర్ర నేలమీద ఒక్కసారి తట్టేది. మీ అమ్మ ముందు నవ్వే మొనగాడు మన ఊళ్ళో ఎవరున్నారు?

ఊరు దాటినాక తెలిసింది బావా. కాలు చాచి వదిలేస్తే నొప్పి లేదు. నేలమీద అడుగు తీసి అడుగు వేస్తే ప్రతి కన్నూ నా మోకాలి మీదే. చుక్కి మీద కూర్చుంటే ఎవరికీ మోకాలు కనబడదు, మనిషి కనబడుతుంది. పున్నమ్మ వరిమడిలోంచి చూసి, "అమ్మాయ్, ఈసారి ఏ బావిలో జారతావే!" అని కేకేసింది. మోకాలు పగిలినాక మొదటిసారి నవ్వాను.

ఇప్పుడు రోజూ ఎగువ చేనుకు పోతున్నాను. పత్తి బాగుంది. కాలు బాగుందని మాత్రం రాయను. ఇంకోసారి నీకు అబద్ధం రాయకూడదనుకున్నాను. అది వంగదు. చలికాలం ఇంకా ఎక్కువ నొప్పి పెడుతుందేమో. నీ పక్కన చాప మీద కూర్చోలేను. నేను గోడకు ఆనుకుని తింటుంటే నువ్వు పైకి చూసి మాట్లాడాలి. దానికి సిద్ధపడి రా.

సంగనకల్లుకు పోనని నాయనకు కబురు పంపాను.

కాలువలో ఇప్పుడు నీళ్ళు నిండుగా పోతున్నాయి. రోడ్డు మీద లారీలు వస్తాయి, పోతాయి. హారను మోగితే చుక్కి చెవులు ఇంకా నిక్కబొడుచుకుంటాయి. నేను కళ్ళెం బిగించి పట్టుకుంటాను. ఇద్దరం దుమ్ము అణిగేదాకా చూస్తాం. అది ముందు తల దించుకుంటుంది. నేను ఇంకా కొంచెంసేపు చూస్తాను.

చుక్కి మీద కోపం ఉంటే ఆ కోపం తీసుకునే రా, కానీ రా. ఏ బస్సుకు వస్తావో ఒక కార్డు రాయి. దిగినాక ఇంటికి నడవకు, అక్కడే నిలబడు. నేను వస్తాను. నన్ను దిగమనకు. కళ్ళెం నీ చేతికిస్తాను, పట్టుకుని పక్కన నడువు. ఊరంతా చూస్తే చూడనీ. నిదానంగా నడిపించు బావా, ఇల్లు తొందరగా రాకపోయినా పరవాలేదు.

దారి వైపు మొహం పెట్టుకుని,
నీ హనుమక్క